సగం తగ్గిన మోకాలు

మా డాక్టరుగారి అమ్మగారి మోకాలి నొప్పి రోజూ సగం తగ్గేది. నేను ఆయన దగ్గర పనిలో చేరిన రోజున సగం తగ్గింది. మర్నాడూ సగం తగ్గింది. వానలు వచ్చాయి, వెలిశాయి, ఊడ్పులైపోయాయి, ఆవిడ నొప్పి మాత్రం పద్ధతి తప్పకుండా సగం తగ్గుతూనే ఉంది. లెక్కలు చదువుకున్నదాన్ని, ఊరుకోలేక ఒకసారి మనసులోనే వేసి చూశాను. ఆ లెక్కన దసరా నాటికి ఆవిడ ఒంట్లో నొప్పన్నది ఆవగింజలో పిసరంత కూడా మిగలకూడదు. ఆవిడేమో కొడుకు అటు వెళ్లగానే వసారా స్తంభం పట్టుకుని, "ఓలమ్మో, ఓరి నాయనో" అంటూ లేచేది.

"అదేంటి మామ్మా, సగం తగ్గిందన్నారుగా?" అని అడిగితే, "ఇది మిగతా సగమే గుంటా" అనేది.

ఇది అరవైల చివరి మాట. వాల్తేరులో స్టాటిస్టిక్స్ చదివి, విజయనగరం తిరిగొచ్చి ఇంట్లో కూర్చున్నాను. బడిలో పంతులమ్మగా చేరమని మా నాన్న, వద్దే వద్దని మా అమ్మ. పిల్లల్ని చావగొడతానని ఆవిడ భయం. నా కోపం సంగతి ఆవిడకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. సరిగ్గా అప్పుడే మా వీధి చివర డాక్టరుగారికి లెక్కలొచ్చిన మనిషి కావలసి వచ్చింది.

ఆయనకు యాభై ఏళ్లుంటాయి. భారీ విగ్రహం, మనసు మాత్రం వెన్న. జ్వరమొచ్చినవాణ్ణి చూస్తే తనకే వచ్చినట్టు మొహం పెట్టేవారు. ఆ ఏడు ఒక మందుల కంపెనీవాళ్లు కీళ్లనొప్పులకని కొత్తగా ఎర్రమాత్రలు పంపారు. ఆయన ముందు తల్లికే ఇచ్చారు. ఏళ్ల తరబడి ఏ మందుకీ లొంగని మోకాలు. వారం తిరక్కుండానే ఆవిడ, "సగం తగ్గినాది నాయనా" అంది. ఇక చూడాలి ఆయన సంబరం! బజారులో కనిపించిన ప్రతివాడికీ చెప్పారు. కూరగాయలమ్మే ఆవిడకు కూడా చెప్పారు.

ఆ చలికాలంలో విశాఖపట్నంలో డాక్టర్ల సభ ఒకటి జరగబోతోంది. అక్కడి ప్రొఫెసర్ల దృష్టిలో మా ఊరి డాక్టర్లంటే దగ్గుమందు పోసి పంపించే వాళ్లని ఆయనకో బాధ ఉండేది. "ఆ సభలో లేచి నిలబడి చెప్పాలమ్మాయ్. మా అమ్మకి నేను నొప్పి తగ్గించాను, ఇదిగో ఇంతమందికి తగ్గించాను, ఇదిగో లెక్క అని చెప్పాలి" అన్నారు నాతో మొదటిరోజే. "మా అమ్మకి" అన్న ముక్క ఆయన ఇంకో రెండుసార్లు అన్నారు. ప్రొఫెసర్ల చప్పట్లు ఆ తరవాతే అని నాకు అక్కడికక్కడే అర్థమైంది.

పరీక్షకు ఆయన పొందూరును ఎంచుకున్నారు. అక్కడ నూలు వడికే ఆడవాళ్లు పొద్దున్న రాట్నం ముందు కాలు మడిచి కూర్చుంటే మళ్లీ అన్నానికే లేవడం. నూలు వెంట్రుకకన్నా సన్నంగా వస్తుంది, మోకాళ్లు మాత్రం కుండల్లా వాస్తాయి. వాళ్లలో సగంమందికి ఎర్రమాత్రలు, తక్కినవాళ్లకు ఎప్పుడూ ఇచ్చే మామూలు తెల్లమాత్రలు ఇచ్చి చూడాలని అనుకున్నాం. ఎవరికి ఏవి అన్నది చీటీలు వేసి తీయాలని నేను పట్టుబట్టాను.

"పాపం, బాగా బాధపడుతున్నవాళ్లకి ఎర్రవి ఇచ్చేద్దామమ్మాయ్."

"అలాగైతే నేనెందుకండీ? మీరే ఇచ్చుకోండి" అని లేచాను. చీటీలకు ఒప్పుకున్నారు.

నా గెలుపు అక్కడితో సరి. వారం వారం వెళ్లి ఎవరికి ఎలా ఉందో అడగాలి కదా, ఎర్రమాత్రలవాళ్లను తానే స్వయంగా అడుగుతానన్నారు. తెల్లమాత్రలవాళ్లను నా మొహాన పడేశారు. "అందర్నీ ఒక్క మనిషే అడగాలండీ, అదీ ఎవరు ఏ మాత్ర తింటున్నారో తెలియని మనిషి" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "ఆస్పత్రి నీదా, నాదా?" అన్నారు. ఆయనదే. ఏం చేస్తాను?

పొందూరులో ఒక సత్రం అరుగు మీద మా దుకాణం. అరుగుకు ఆ చివర డాక్టరుగారు, ఈ చివర నేను. ఆయన అంత మనిషీ ఒక్కొక్క ముసలమ్మ ముందూ గొంతుక్కూర్చునేవారు. ఆవిడ మోకాలు రెండు చేతుల్లోకీ తీసుకుని, "అమ్మా, ఎలా ఉంది? కాస్త తగ్గింది కదూ?" అని అడిగేవారు. పరీక్ష ఫలితం కోసం పేపరు చూసే పిల్లాడి మొహం పెట్టుకుని ఆవిడ నోటివంకే చూసేవారు. ముసలమ్మ ఆ మొహం చూసి, "తగ్గినాది బాబూ, నీ సెయ్యి సల్లగుండ" అనేది. ఈ చివర నేను పెన్సిలు చెక్కుకుంటూ, "తగ్గిందా లేదా? ఏదో ఒకటి చెప్పవే మామ్మా, అవతల జనం ఉన్నారు" అనేదాన్ని. "ఏటి తగ్గడమే గుంటా, సచ్చిపోతన్నాను" అని నా ముందున్న ముసలమ్మ మొదలుపెట్టి, మోకాలి నుంచి నడుముకీ, నడుం నుంచి కోడలికీ, కోడలి నుంచి కోడలి పుట్టింటికీ వెళ్లేది. ఆ పుట్టింటి నుంచి మళ్లీ మోకాలికి తీసుకురావడానికి నా తల ప్రాణం తోకకి వచ్చేది.

లెక్కలు కట్టడం డాక్టరుగారి ఇంటి వసారాలో. ఆస్పత్రిలో చోటు లేదు. ఎక్కడినుంచో ఒక లెక్కల మిషను సంపాదించారు, చేత్తో పిడి పట్టుకుని తిప్పేది. గరగరమని వీధి చివరిదాకా వినిపించేది. మామ్మగారు పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ దానివంక అనుమానంగా చూసేది.

"ఏటే గుంటా, పొద్దున్నుంచీ ఇసురుతన్నావు, పిండేదీ?"

"పిండి రాదు మామ్మా, అంకెలు వస్తాయి."

"అంకెలకేటి, నాకూ వస్తాయి. దీనికంత అరుపెందుకు?"

చివరికి పిండి వచ్చింది. ఎర్రమాత్రలవాళ్లలో ఎక్కువమందికి నొప్పి తగ్గింది, తెల్లమాత్రలవాళ్లలో చాలా కొద్దిమందికే తగ్గింది. రెండు గుంపుల మధ్య అంత తేడా కాకతాళీయంగా వచ్చే అవకాశం నూటికి ఒకటి కూడా లేదు. ఆ మాట నా నోట్లోంచి పూర్తిగా వచ్చిందో లేదో, డాక్టరుగారు కుర్చీలోంచి లేచిపోయారు.

"అంటే నూటికి తొంభైతొమ్మిది పాళ్లు నా మాత్ర పనిచేస్తున్నట్టే!"

"కాదండీ."

"ఎలా కాదు? వందలోంచి ఒకటి తీస్తే ఎంత?"

"తొంభైతొమ్మిదే. కానీ..."

"మరింకేం!" అంటూ మైసూరుపాకు తెప్పించడానికి మనిషిని పంపేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మైసూరుపాకు తింటూనే దెబ్బలాడాను. "కాకి వాలింది, తాటిపండు పడింది అనుకోండి. పండు ఊరికే రాలలేదు అని మాత్రమే నా లెక్క చెబుతుంది. కాకి వల్లే రాలిందని చెప్పదు. చెట్టు కింద ఎవడైనా రాయి పట్టుకుని నిలబడ్డాడేమో అది మనం చూసుకోవాలి. తేడా ఉంది, నిజమే. ఆ తేడా మాత్ర వల్ల వచ్చిందా, ఇంకో దానివల్ల వచ్చిందా అని మిషనుకేం తెలుసు?"

"ఇంకోటి ఏముందమ్మాయ్? చీటీలు నువ్వే వేయించావు కదా!"

"తాటిపండా? ఇప్పుడెక్కడిదే? కాలం కాదు కదా" అంది మామ్మగారు చేటలోంచి తలెత్తకుండానే. ఇద్దరి మధ్య నా బుర్ర తిరిగిపోయింది. ఆయన అప్పటికే సభలో చదవబోయే వ్యాసానికి కాగితాలు ముందేసుకుని, మొదటి వాక్యంలోనే వాళ్లమ్మను రాసేశారు.

ఆ మరుసటి వారమే డాక్టరుగారికి ఏదో అర్జెంటు ఆపరేషను పడింది. పొందూరు వెళ్లడానికి కుదరలేదు. నన్ను వెళ్లి మాత్రలు పంచి రమ్మని, పెట్టె మోయడానికి కాంపౌండరును తోడిచ్చారు. ఈ కాంపౌండరు గురించి ఒక్కమాట చెప్పాలి. ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు. సీసాలు కడిగేటప్పుడు సీసాల్ని తిట్టేవాడు. ప్యాసింజరు బండిలో గరివిడి దాటేదాకా నాతో ఒక్కమాట లేదు. దాటాక ఫెర్రో ఫ్యాక్టరీ పొగ చూసి "థూ" అన్నాడు. అంతే సంభాషణ.

ఆవేళ అరుగు మీద రెండు గుంపులనూ నేనే కూర్చోబెట్టాను. ఎర్రమాత్రలవాళ్లలో అందరికన్నా గట్టిగా, "పూర్తిగా తగ్గిపోనాది బాబూ, ఎగిరి గెంతుతన్నాను" అని డాక్టరుగారికి చెప్పిన ముసలమ్మ ముందుగా వచ్చింది. రావడమే గోడ పట్టుకుని వచ్చింది. కూర్చోవడానికి ఇద్దరు సాయం పట్టారు.

"ఇదేంటి మామ్మా? తగ్గిపోయిందన్నావుగా పోయినవారం?"

ముసలమ్మ అటూ ఇటూ చూసింది. "బాబు రానేదా?"

"రాలేదు."

"అయితే సెప్తాను. ఏటీ తగ్గనేదు, నా బొంద తగ్గినాది! రాత్రంతా పీకుతన్నాది."

"మరి ఆయనతో ఎందుకలా చెప్పావు?"

"సెప్పనా మరి? ఓలమ్మో, అంత పేద్ద బాబు నేల మీద కూకుని, నా మురికి కాలు సేత్తో అట్టుకుని, 'తగ్గిందా అమ్మా' అంటే నేదని ఎలగంటానే? సుట్టాలింటికి ఎల్లి, పక్కన కూకుని ఇసనకర్రతో ఇసురుతా వడ్డిస్తే, కూర బాగోనేదని అంటావేటి నువ్వు? మీ యమ్మ నీకు అదే నేర్పినాదా?"

మా అమ్మ నాకు అది నేర్పలేదు. చుట్టుపక్కల కూర్చున్న ఎర్రమాత్రలవాళ్లంతా తలలూపారు. ఎవరిని అడిగినా అదే మాట. బాబు మొహం చూస్తే నేదని అనబుద్ధి కాదట. ఒకావిడైతే నొప్పి ఎక్కువైంది గానీ, ఆ సంగతి బాబుతో చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది.

రాయి పట్టుకుని నిలబడ్డది ఎవరో తెలిసిపోయిందని లోలోపల గంతులేశాను. నా మాటే నెగ్గింది కదా! ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఒక మేక వచ్చి అరుగు కింద బుట్టలోని దూదిఏకులు నోట కరుచుకుని పరుగెత్తింది. ఆ బుట్ట తెల్లమాత్రల ముసలమ్మది. వారం వారం నా ముందు కూర్చుని, "సచ్చిపోతన్నాను గుంటా, అడుగెయ్యనేను" అని ఏడ్చిన మనిషి. అరుగు మీంచి ఒక్క దూకు దూకి, చీర ఎగ్గట్టి, "నీ యమ్మ కడుపు కాలా!" అని తిడుతూ వీధి మలుపుదాకా తరిమి, మేక నోట్లోంచి ఏకులు లాక్కుని వచ్చింది. ఆయాసం కూడా లేదు.

"నువ్వు... అడుగెయ్యలేనన్నావు?"

ముసలమ్మ ఏకులు దులుపుకుంటూ నా పక్కన కూర్చుంది. "బాగానే ఉన్నాదే ఇప్పుడు. తగ్గిపోనాదంటే మరి నాతో ఏటి మాటాడతావు నువ్వు? పెన్సిలు గీకేసి పక్కదాన్ని పిలిసేస్తావు. మా ఇంట్లో నా మాట ఎవులింటారు?"

అదీ సంగతి. ఆయన దగ్గర మర్యాదకి తగ్గింది, నా దగ్గర కబుర్లకి తగ్గలేదు. మాత్రల సంగతేమో గానీ, మాకొచ్చిన తేడా అంతా అడిగే మొహాలది. నేను వేసిన అంకెల్లో ఒక్కటి కూడా తప్పు లేదు. అన్నీ కలిసి చెప్పింది మాత్రం డాక్టరుగారు మంచివారని, నేను కోపిష్టిదాన్నని. అది మిషను తిప్పకుండానే మా అమ్మ చెప్పేది.

డాక్టరుగారికి ఈ ముక్క చెప్పినప్పుడు ఇల్లెగిరిపోయింది. "నా పేషెంట్లు నాతో అబద్ధం చెబుతారా?"

"అబద్ధం కాదండీ, మర్యాద."

"మా అమ్మ కూడా మర్యాదకే చెబుతోందా?" అని అరిచారు. వసారాలో స్తంభం పట్టుకుని లేచే మనిషిని రోజూ చూస్తున్నాను గానీ, ఆ మాట నా నోటివెంట రాలేదు. నా జన్మలో నేను మాట మింగిన సందర్భాలు తక్కువ. ఆయన ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. తరవాత ఒక పొద్దున్న వచ్చి, నా వంక చూడకుండా, "సరే, మళ్లీ చూద్దాం. ఎలా చూడాలో చెప్పు" అన్నారు. సభ దగ్గరపడుతోంది. ఉన్న కాగితం పట్టుకుని వెళ్లి చదివేసినా అడిగేవాడు లేడు. అయినా ఆ మాట అన్నారు. అప్పుడే ఆయన మీద నాకు గౌరవం పుట్టింది.

"ఎవర్నీ ఏమీ అడగొద్దండీ. పీట మీద కూర్చోబెట్టి, చెయ్యి ఆనించకుండా లేవమందాం. లేస్తే లేచినట్టు, లేకపోతే లేదు. అది కూడా మీరూ చూడొద్దు, నేనూ చూడొద్దు. కాంపౌండరుగారు చూస్తారు. ఎవరిది ఏ మాత్రో ఆయనకు తెలీదు, మనం చెప్పొద్దు."

కాంపౌండరును సంతోషపెట్టాలని ఈ భూమ్మీద ఎవరికీ అనిపించదు. ఆయనతో కబుర్లు చెప్పాలనీ అనిపించదు. శాస్త్రానికి అచ్చంగా కావలసిన మనిషి. మొదట అరుగు మీదే అందరి ముందూ పెట్టాం. అదీ బెడిసికొట్టింది. ఒకావిడ లేవగానే ఆవిడతో మాటల్లేని తోడికోడలు, "అదే లెగిస్తే నాకేటి?" అని పళ్లు బిగబట్టి లేచింది. ఆ వెనక అందరూ పంతాలకు లేవడం మొదలుపెట్టారు. ఇలా లాభం లేదని సత్రం లోపలి గదిలో ఒక్కొక్కరినే పిలిపించాం. లోపల్నుంచి కాంపౌండరు గొంతు మాత్రం వినిపించేది, "కూకో. లెగు. పో. ఇంకొకరు."

మళ్లీ మిషను తిప్పాను. గరగరలాడింది. ఎర్రమాత్రకూ తెల్లమాత్రకూ చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. రెండు గుంపుల్లోనూ కొందరు లేచారు, కొందరు లేవలేదు.

సాయంత్రం డాక్టరుగారు ఆస్పత్రి నుంచి వచ్చేసరికి కాగితం ఆయన కుర్చీలో పెట్టి ఉంచాను. నిలబడే చదివారు. నాతో దెబ్బలాడతారనుకుని రెండు మూడు జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వసారా చివర మామ్మగారు కూర్చున్న చాప దగ్గరకు వెళ్లారు. అడుగుల చప్పుడు వినగానే ఆవిడ కాలు మీంచి చెయ్యి తీసేసి సర్దుకుని కూర్చుంది.

"మోకాలెలా ఉందమ్మా?"

"సగం తగ్గినాది నాయనా."

ఆయన అంత మనిషీ చాప మీద కూలబడ్డారు. పట్నం చదువులు చదివిన గొంతులోంచి చిన్నప్పటి మాట బయటికొచ్చింది. "అమ్మా, నిజం సెప్పవే."

మామ్మగారు నావంక చూసింది. "ఈ గుంట ఏటి సెప్పినాది నీకు?"

"ఏమీ చెప్పలేదు మామ్మా" అన్నాను. అది నిజం.

కాసేపు చేటలో బియ్యం అటూ ఇటూ కదిపింది. "తగ్గనేదురా. మొదట్నించీ అలగే ఉన్నాది."

"మరి రోజూ సగం సగం అని ఎందుకన్నావు?"

"తగ్గనేదంటే నీ మొగం సిన్నబోతాది. సూడనేను. పూర్తిగా తగ్గిపోనాదంటే..." ఆవిడ చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. "ఆస్పత్రి, జనం, నీకు తీరికేదిరా? ఈ మాత్రలు మొదలెట్టాకే కదా రోజూ పొద్దున్న ఒచ్చి నా కాడ కూకుంటన్నావు. తగ్గిపోనాదంటే మరి రావు. సగమన్నాననుకో, రేపు మల్లీ వస్తావు."

నేను గబగబా మిషను మీద గుడ్డ కప్పేసి ఇంటికి వచ్చేశాను. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది, దారిలో ఎదురైన మా నాన్నను ఊరికే కసిరాను.

డాక్టరుగారు విశాఖపట్నం సభకు వెళ్లారు. ఎర్రమాత్ర తెల్లమాత్రకన్నా ఎక్కువేమీ కాదని, మొదట వచ్చిన తేడా తాను అడిగిన తీరు వల్ల వచ్చిందని చదివి వచ్చారు. చప్పట్లు కొట్టారా అని అడిగితే, "మర్యాదకి కొట్టారమ్మాయ్" అన్నారు. మిగిలిన ఎర్రమాత్రలు కంపెనీకి తిప్పి పంపేశారు.

ఆ మర్నాడు పొద్దున్న నా జీతం లెక్క చూసుకుని మిషను అప్పజెప్పడానికి వాళ్లింటికి వెళ్లాను. వసారాలో చాప మీద డాక్టరుగారు కూర్చుని ఉన్నారు. మామ్మగారి కాలు ఆయన ఒళ్లో ఉంది. చేతిలో మాత్రలూ లేవు, మందూ లేదు. ఉత్తి చేత్తోనే మోకాలు నిమురుతున్నారు. బయట ఆస్పత్రి మనిషి సైకిలు గంట కొడుతూనే ఉన్నాడు.

"ఎలా ఉందే అమ్మా?"

"సగం తగ్గినాది నాయనా."

"సరే" అన్నారాయన లేవకుండానే. "మిగతా సగం రేపు సూద్దాం."